ఆ నాలుగో మాట మా అత్తది

మా అత్త పోయిన సంగతి నాకు మా చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో తెలిసింది. పులివెందులలో నేను స్పోకెన్ ఇంగ్లీషు చెప్పే కోచింగ్ సెంటరులో పొద్దున బ్యాచి ముగించి ఫోను చూసుకుంటే, రెండు గుడ్ మార్నింగ్ బొమ్మల నడుమ ఉంది ఆ మెసేజి. మన సంఘ సభ్యురాలు, విశ్రాంత అధ్యాపకురాలు, ఈ ఉదయం ప్రభువునందు నిద్రించిరి అని. కింద అప్పటికే చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడుతున్నాయి. నాన్న ఫోను ఆ తర్వాత వచ్చింది. తన అక్క పోయిందని చెప్పకుండా, "నువ్వు బయల్దేరు పాపా" అని మాత్రం అన్నాడు.

ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు పోయే బస్సులో కూర్చుని ఆ 'నిద్రించిరి' గురించే ఆలోచించాను. చదువుకున్న మనిషి కాబట్టి ఆమెకు అలాంటి మాటలు నచ్చేవి కావని మీరు అనుకోవచ్చు. నచ్చేవి. "శానా మర్యాద గల మాట మే అది. మనిషి పోయినాడని తెలిసి గూడా, గట్టిగా మాట్లాడొద్దు, లేస్తాడేమో అన్నట్టు చెప్తాండారు" అనేది. పాత మాటలను పారేసే మనిషి కాదు మా అత్త. తిరగేసి, దులిపి, లోపలి కుట్టు ఎట్లా ఉందో చూసి, మళ్లీ తొడుక్కునే మనిషి.

మా నాన్నకు ఆమె పెద్దక్క. ప్రొద్దుటూరులో ఒక డిగ్రీ కాలేజీలో ఫిలాసఫీ చెప్పింది. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ జమ్మలమడుగు నుంచి రోజూ బస్సులో పోయి వచ్చింది. మామ నా చిన్నప్పుడే పోయాడు. పిల్లలు లేరు. మా ఇల్లూ ఆ ఊళ్లోనే అయినా, నా డిగ్రీ చదువంతా ఆమె ఇంట్లో ఉండి, ఆమెతోబాటే ఆ బస్సులో పోయి వచ్చి చదివాను. ఆమె కొప్పులో ఎప్పుడూ ఒక పెన్సిలు గుచ్చుకుని ఉండేది. పూలు పెట్టుకోమని ఎవరైనా అంటే, ఇది వాడిపోదు కదా అనేది. బస్సు కదలగానే ఆ పెన్సిలు తీసి పుస్తకం తెరిచేది.

ఆమె చదివేదంతా దాదాపు ఒకే విషయం. ఈ కాలపు తత్వవేత్తలు, వాళ్లలో దేవుణ్ణి నమ్మనివాళ్లు కూడా, క్రైస్తవుల పాత మాటలను చేతికి తీసుకున్నారు. కృప, జన్మపాపం, క్షమాపణ, పునరుత్థానం. వాటిని నమ్మమనీ అనరు, అబద్ధాలనీ కొట్టెయ్యరు. వీటిలో ఇప్పటి మనిషికి పనికొచ్చేది ఏముంది అని తవ్వుతారు. "మనం బీరువాలో పెట్టి తాళమేసుకున్న గిన్నెలు బయటికి తీసి వాళ్లు వంట జేస్తాండారు మే. ఏం వండినారో చూడొద్దా?" అనేది మా అత్త.

ఆ బస్సుకు చాలా కాలం ఒకే కండక్టరు. ఇప్పుడు రిటైరయ్యాడు. ఆయన జమ్మలమడుగులో మా చర్చికి సంఘ పెద్ద కూడా. నేను కండక్టరు మామ అంటాను. వాళ్లిద్దరి మాటలు వినడానికి ముందు సీట్లలోవాళ్లు చెవులు రిక్కించేవాళ్లు.

"మేడమ్మా, ఆ పుస్తకం మనిషి కంటే లావుండాది. దానికీ ఒగ టికెట్టు కొట్టమంటారా?"

"కొట్టప్పా. దీంట్లో దేవుడు సచ్చిపోయినాడని రాసిండారు. శవానికి టికెట్టు ఎంత మీ బస్సులో?"

"డ్రైవరు వింటాండాడు, గమ్మునుండండి తల్లీ. ఇంకా ప్రొద్దుటూరు రాలేదు."

ఆయన చించి ఇచ్చే టికెట్లే ఆమెకు పుస్తకాల్లో గుర్తులు. ఇప్పటికీ ఆ ఇంట్లో ఏ పుస్తకం దులిపినా జమ్మలమడుగు–ప్రొద్దుటూరు టికెట్టు రాలుతుంది.

చదివింది చదివినట్టు వదిలిపెట్టే గుణం లేదు ఆమెకు. ఇంట్లో ప్రయోగం చేసి చూడాల్సిందే. ఎదురింట్లో ఒక ముస్లిం ఆవిడ ఉంది, ఖాలా అని పిలుస్తాం. కొడుకు కువైట్లో ఉంటాడు, ఆమె ఇంట్లో మిషను కుడుతుంది. రంజాను పండగకు ఖాలా స్టీలు గిన్నెలో షీర్ ఖుర్మా పంపడం, ఆ గిన్నెలో మా అత్త ఏదో ఒకటి వేసి తిప్పి పంపడం ఏళ్లుగా నడుస్తున్న సంగతి. ఒక సంవత్సరం మా అత్త దానం గురించి ఏదో చదువుతూ ఉంది. ఇచ్చినదానికి ఏదో ఒకటి తిరిగొచ్చిందంటే అది బేరమే గానీ దానం కాదు, ఆఖరికి 'థాంక్స్' అన్నా బాకీ తీరినట్టే, ఏదీ తిరిగి రాకుండా ఇచ్చేదొక్కటే నిజమైన దానం, అది మనుషులకు సాధ్యమో కాదో తెలియదు, కృప అంటే అదే అని. ఆ సాయంత్రం ఖాలా గిన్నెను తళతళలాడేట్టు తోమి, వట్టిగా నా చేతికిచ్చి పంపింది. ఏమీ చెప్పొద్దు, థాంక్స్ కూడా చెప్పొద్దు అని కట్టడి చేసింది.

మర్నాడు పొద్దున్నే ఖాలా గడపలో నిలబడింది.

"ఏంది టీచరమ్మా, నా మీద కోపమా? సేమ్యాలో చక్కెర తక్కువైందా?"

"కోపం గాదు ఖాలా, కూచో. దానం అంటే ఏందో చెప్తా." అని మా అత్త మొదటినుంచి మొదలుపెట్టింది.

ఖాలా అంతా విని కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ దేశాల్లో వట్టి గిన్నెలు పంపుకుంటారేమో నాకు తెల్దు. ఈడ మాత్రం గుప్పెడు చక్కెరైనా ఏస్తారు. వట్టి గిన్నె చూసి మా ఆడబిడ్డ ఏమనిందో తెలుసా? ఇంగ నీకూ ఆమెకూ తెగిపోయినట్టే అనింది. రాత్రంతా నిద్రలేదు నాకి."

మా అత్త నవ్వి, చక్కెర డబ్బా తెచ్చి ఖాలా కొంగులో పోసింది. కానీ ఓడిపోయానని ఒప్పుకోలేదు. ఆ తర్వాత చాలా రోజులు ఖాలా గేటుకు మునక్కాడల కట్టో, సీతాఫలాల సంచో తగిలించి ఉండేవి, ఎవరు పెట్టారో తెలియకుండా. ఖాలా నన్ను ఆపి, "మీ అత్తకు చెప్పు, సీతాఫలాలు ఇంకా పండలేదు, రెండు దినాలాగి తగిలించమని" అనేది. మా అత్త ఆ కబురు విననట్టే ఉండేది, ఎదురుపడితే ఖాలా కూడా ఆ ఊసెత్తేది కాదు. నిజమైన దానం సాధ్యం కాదని ఒప్పుకోవడానికి మనసొప్పక, ఎరగనట్టు నటించే ఇద్దరు ఆడవాళ్ల మధ్య అది దాదాపు సాధ్యమైందని నాకు అనిపిస్తుంది.

ఆదివారం సాయంత్రాలు చర్చి వరండాలో మా వయసు వాళ్లందరినీ కూర్చోబెట్టుకునేది. ఒకసారి ఎవరో అడిగారు, అప్పుడే పుట్టిన బిడ్డ పాపి ఎట్లా అవుతుందని. ఏ ప్రసంగంలోనూ దానికి సరైన జవాబు విని ఉండలేదు నేను.

"మా అమ్మ పుట్టేటప్పటికే ఊర్లో ఏ బావి కాడికి పోగూడదో రాసిపెట్టిండారు" అంది మా అత్త. "ఆ బావి నీళ్లు తాగే ఇంట్లో గూడా అదే దినం ఒగ బిడ్డ పుట్టింటాది. ఆ బిడ్డ మాయమ్మను అంటరానిదానివి అని తిట్టలా. కడవ ముట్టుకోవద్దనలా. ఉయ్యాల్లో పండుకోనుండాది అంతే. అయినా ఆ నీళ్లు ఆ బిడ్డ గొంతులోకి పోతానే ఉండాయి. మనం చెయ్యకముందే మనం తింటాండే తప్పు ఉంటాది చూడు, దాన్ని జన్మపాపమన్నారేమో అని ఇప్పటోళ్లు అంటాండారు. నాకు సరే అనిపిస్తాది."

మా జేజి, అంటే అత్త వాళ్లమ్మ, పుట్టిన ఊరు మా అందరికీ తెలుసు. అప్పటిదాకా ఆ మాట నన్ను తిట్టడానికి పుట్టిందనుకున్నాను. ఆ సాయంత్రం అది మా తరఫున సాక్ష్యం చెబుతున్నట్టు అనిపించింది.

ఇక నాలుగో మాట. గుడ్ ఫ్రైడే నాడు మా చర్చిలో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద సంఘంలోనుంచి ఏడుగురు లేచి, తలా ఒక మాట మీద ప్రసంగం చేస్తారు. ఒక్కో ప్రసంగం కాగానే ఒక పాట. గుడ్ ఫ్రైడేకు ముందు వచ్చే నలభై ఉపవాస దినాలు మొదలయ్యేసరికే ఎవరికి ఏ మాటో పంచుకోవడం అయిపోతుంది. మొదటిది క్షమాపణ, దానికి పోటీ ఎక్కువ. మూడోది తల్లిని శిష్యుడికి అప్పజెప్పేది, ఆడవాళ్లు అడిగి మరీ తీసుకుంటారు. నాలుగోది మాత్రం ఎవరూ అడగరు. దేవుడని మనం పిలిచేవాడే తన దేవుణ్ణి, నన్నెందుకు వదిలేశావని అడిగే మాట అది. దాని మీద నిలబడి ఏం ధైర్యం చెబుతారు? అందుకని అది ఎప్పుడూ మా అత్తకే వచ్చేది. ఫిలాసఫీ మేడమ్మ ఉండాది గదా అని.

ఆమె మొదటిసారి ఆ మాట తీసుకున్నప్పుడు జరిగింది మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ప్రశ్నకు పైనుంచి జవాబు రాలేదు అని చెప్పి, ఆ నిశ్శబ్దం జనానికి తెలియాలని కాసేపు ఊరికే నిలబడిందట. ప్రసంగం అయిపోయిందనుకుని హార్మోనియం వాళ్లు తర్వాతి పాట ఎత్తుకున్నారు. జనమంతా లేచి నిలబడి గట్టిగా పాడేశారు. ఐదో మాట చెప్పాల్సిన ఆయన వేదిక ఎక్కేశాడు. మా అత్త మధ్యలో నిలబడే ఉంది. ఇంటికొచ్చి నవ్వీ నవ్వీ కడుపు పట్టుకుందట. "చూసినారా, జవాబు రాకముందే పాట ఎత్తుకుంటాం మనం. రెండు నిముషాలు గూడా ఓర్చుకోలేము" అందట. మరుసటేడు నుంచి హార్మోనియం దగ్గరికి ముందే పోయి, నేను కూచునేదాకా ముట్టొద్దప్పా అని చెప్పి వచ్చేది.

ఆ మాట గురించి ఆమె చెప్పేది నేను చాలాసార్లు విన్నాను. దేవుడంటే సర్వశక్తిమంతుడు, పైన కూర్చుని అన్నీ నడిపేవాడు అనుకుంటాము. అవతారం అంటే ఆ శక్తినంతా ఖాళీ చేసుకుని దిగిరావడమైతే, పైన కాస్త దాచుకుని వచ్చాడా, అంతా వంచేసి వచ్చాడా? అంతా వంచేశాడనే అంటున్నారు కొందరు ఇప్పటివాళ్లు. అప్పుడు సిలువ మీద ఆ కేక నటన కాదు. దేవుడు లేడేమో అని భయపడే మనిషి బాధ దేవుడికే తెలిసిన క్షణం అది. "ఆ ఒక్క మాట చెప్పేసేపు ఆయప్ప గూడా వేదిక దిగొచ్చి మన వరసలో జంపఖానా మీద కూచున్నాడు" అనేది మా అత్త.

నాకు ఇవన్నీ వినడానికి బాగుండేవి. కానీ నా తిప్పలు నాకున్నాయి. డిగ్రీ అయ్యాక తిరుపతిలో ఎం.ఏ. చదివేటప్పుడు, సెలవుల్లో వచ్చి చర్చిలో నిలబడి విశ్వాస ప్రమాణం అందరితో కలిసి చెబుతూ, నమ్ముతున్నాను అనే మాట దగ్గర నా నోరు ఆగిపోయింది. ఆ తర్వాత సంస్కారం, అంటే యేసు శరీర రక్తాలకు గుర్తుగా ఇచ్చే రొట్టె, రసం, తీసుకోవడానికి అందరూ ముందుకు పోతుంటే నేను కూర్చునే ఉన్నాను. అవి తీసుకోకుండా కూర్చున్న మనిషి మా చర్చిలో ఎంత కనబడుతుందో చెప్పలేను. మోకాళ్లు పక్కకు తిప్పి అందరికీ దారి ఇవ్వాలి. ప్రతి ఒక్కరూ దాటుకుంటూ ఒకసారి మొహంలోకి చూసి పోతారు. అది మానేసి అసలు చర్చికే రాకుండా ఉంటే సుఖం. కానీ నేను పుట్టి పెరిగిందంతా ఆ మనుషుల్లోనే. అబద్ధం చెప్పి లోపల ఉండాలా, నిజం చెప్పి బయటికి పోవాలా అన్నది తేలక, ఉద్యోగాలు మార్చినట్టు దీన్ని మార్చడం కుదరక, కొన్నేళ్లు అట్లాగే గడిచాయి.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, ఉగ్గాని తింటూ ఈ గొడవంతా ఆమె ముందు కుమ్మరించాను.

"తత్వవేత్తలు చెప్పేది తప్పించుకోవడం అత్తా. దేవుడు అంటే శక్తి కాదు, పిలుపు అంటారు. నమ్మడమంటే ఒప్పుకోలు సంతకం కాదు, పిలుపు విని తల తిప్పడం అంటారు. బాగుంది. కానీ ఉన్నాడా లేడా?"

"తెల్దు మే."

"ఇన్నేళ్లు చెప్పి, చదివి, తెల్దంటావా?"

"చెప్పినన్నాళ్లూ తెల్దనే చెప్పినా. జీతం ఆపలా వాళ్లు." బజ్జీ తుంచి నా ప్లేటులో పెట్టింది.

"మరి జేజి సంగతి? వాన కోసం మోకాళ్లేసింది. నాన్నకు జ్వరమొస్తే తెల్లవార్లూ ప్రార్థన చేసింది. మీ పుస్తకాల్లో దేవుడికి శక్తే లేదంటే, జేజి ఎవరితో మాట్లాడింది?"

మా అత్త తినడం ఆపి కిటికీ వైపు చూసింది. ఆమెకు దెబ్బ తగిలిన ప్రశ్న అదొక్కటే అనుకుంటాను.

"జేజి దేవుణ్ణి తీసెయ్యను నేను" అంది చివరికి. "తీసేసే హక్కు లేదు నాకి. ఆమె దేవుడు వాన కురిపించేవాడు. నా దేవుడు, వాన రానప్పుడు ఆమె పక్కన కూచున్నోడు. ఇద్దరూ ఒగరేనా అంటే, అదీ తెల్దు. తెల్దనే సంస్కారానికి చెయ్యి జాపుతాండా నేను. నువ్వు తెల్దని చెయ్యి జాపకుండా ఉండావు. ఇద్దరిదీ ఒగటే రోగం మే, మందు ఏసుకునేది ఏరే."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"కూచో. దారి ఇయ్యి అందరికీ. మోకాళ్లు తిప్పేది గూడా ఆరాధనే."

ఆమెను చివరిసారి చూసింది ప్రొద్దుటూరులో. ఉపవాస దినాలు అప్పుడే మొదలయ్యాయి. ఏదో పింఛను పని మీద బ్యాంకుకు వచ్చి, పులివెందుల నుంచి నన్నూ రమ్మంది. పని అయ్యాక ఇద్దరం ఎర్రకారం దోసె తిన్నాం. ఉపవాసం కదా అత్తా అంటే, "కారం ఉపవాసంలోకి వస్తాది, కండ్లల్లో నీళ్లొస్తాయి గదా" అంది. ఆమెకు గుండె జబ్బు ముదిరిందని డాక్టర్లు అప్పటికే చెప్పి ఉన్నారు. నాతో ఆ ఊసెత్తలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుని, "ఈ తూరి నాలుగో మాట నువ్వు చెప్పు. అయ్యగారికి చెప్పేసినా" అంది. అయ్యగారంటే మా పాస్టరుగారు.

నేను నీళ్లు తాగుతూ ఆగిపోయాను. "నేనా? నమ్మనిదాన్ని పట్టుకుని?"

"నాకి చేతగాదు ఇంగ. ఈ మధ్య సంతోషంగా ఉండాను మే. ఎందుకో తెల్దు. పొద్దున్నే లేస్తానే, టీ తాగతానే, సంతోషంగా ఉండాది. ఆ మాట సంతోషంగా ఉండేటోళ్లది గాదు. నేను చెప్తే దొంగతనమైతాది."

అంతటితో లేచి పెన్సిలు కొప్పులో గుచ్చుకుని, జమ్మలమడుగు బస్సు ఎక్కింది. కిటికీలోంచి చెయ్యి ఊపకుండా పుస్తకం తెరిచింది. నేను పులివెందుల బస్సు కోసం నిలబడి, ఆ బస్సు మలుపు తిరిగేదాకా చూశాను. నెల తిరక్కముందే వాట్సాప్‌లో ఆ మెసేజి వచ్చింది.

సమాధుల తోటలో మట్టి వేశాక, ఇంటివాళ్లను ఓదార్చే ఆదరణ కూడిక కూడా అయ్యాక, అయ్యగారు నన్ను చర్చి పక్క గదిలోకి పిలిచారు. మనిషి నెమ్మది. అక్కడ కండక్టరు మామ ముందే కూర్చుని ఉన్నాడు. ఏడ్చి ఏడ్చి ఆయన కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"మేడమ్మ నాతో చెప్పి పోయినారు, నాలుగో మాట పాపకియ్యమని" అన్నారు అయ్యగారు.

"మేడమ్మ అంటే అది ఏరే అయ్యా" అన్నాడు మామ. "ఆమె ఎన్ని మాట్లాడినా చెయ్యి జాపి సంస్కారం తీసుకునేది. ఈ పాప తీసుకోదు. విశ్వాస ప్రమాణం కాడ నోరు మెదపదు. అందరికీ తెలుసు. రేపు ఆమెను వేదికెక్కిస్తే, నమ్మినా ఒగటే నమ్మకపోయినా ఒగటే అని పిల్లోళ్లు అనుకోరా?"

అది వట్టి చాదస్తం అనుకోవడానికి నాకు మనసు రాలేదు. ఆయన అడిగేది న్యాయమైన మాటే. కానీ నాకు అప్పుడే తెలిసింది, ఆ గదిలో తేలేది ఒక ప్రసంగం సంగతి కాదని. కాదంటే నేను ఇక ఆ గడప తొక్కను. తొక్కలేను. మా అత్త ఉన్నన్నాళ్లూ ఆమె మేనకోడలుగా ఒక మూల కూర్చున్నాను. ఇప్పుడు ఏ పేరు చెప్పి కూర్చోవాలి?

మామ నా వైపు తిరిగాడు. "దాచకుండా చెప్పు పాపా. నమ్ముతాండావా లేదా?"

"తెల్దు మామా."

"మరి యాల నిలబడతావు?"

"మిగతా ఆరు మాటలూ నాకొద్దు మామా. వాటికి నమ్మకం కావాల. అదొక్కటే ప్రశ్న. ప్రశ్న అడిగే హక్కు ఒగటే ఉండాది నాకి."

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఆఖరికి, "వేదిక ఎక్కద్దు. కింద నిలబడి చెప్పు. ఆడోళ్ల పక్క, జంపఖానా కాడ" అన్నాడు. అయ్యగారు సరేనా అన్నట్టు నా వైపు చూశారు. వాళ్లకు తట్టలేదు గానీ, ఆ మాటకు సరైన చోటు అదేనని మా అత్త ఎప్పుడో చెప్పి పెట్టింది.

గుడ్ ఫ్రైడే నాడు ఎండ మండిపోతోంది. ఫ్యాన్లు తిరుగుతున్నా జనం విసనకర్రలు ఊపుతూనే ఉన్నారు. ఖాలా కూడా వచ్చి వెనక తలుపు దగ్గర కూర్చుంది, టీచరమ్మ మాట ఎవరు చెబుతారో చూసి పోదామని. మూడో మాట పాట అయిపోయాక నేను లేచి, లేచిన చోటే నిలబడ్డాను. కాగితం రాసుకోలేదు. నాకు జవాబు తెలియదని మొదటే చెప్పాను. దేవుడు లేడేమో అనిపించిన మనిషి చేసే పనులు రెండని చెప్పాను. ఒకటి, గమ్మున లేచి పోవడం. రెండోది, లేడేమో అనుకున్నవాణ్ణే పేరు పెట్టి పిలిచి, ఎందుకు లేవు అని అడగడం. సిలువ మీద జరిగింది రెండోది. అది నమ్మకమో కాదో నాకు తెలియదు, కానీ అలా అడిగినవాణ్ణి ఈ సంఘం బయటికి పంపలేదు, మధ్యలో పెట్టుకుంది అన్నాను. మా జేజి పుట్టిన ఊరి బావి సంగతి చెప్పాను. ఆ బావి దగ్గర కూడా ఆమె ఇదే ప్రశ్న అడిగి ఉంటుందని చెప్పాను. తర్వాత ఇంకేమీ తోచక నిలబడిపోయాను. హార్మోనియం వాళ్లు ముట్టలేదు. నేను కూర్చున్నాక పాట మొదలైంది.

ఐదో మాట, దప్పిగొనుచున్నాను అనేది, కండక్టరు మామది. వేదిక ఎక్కి గొంతు సవరించుకున్నాడు.

"ఇప్పుడు పాప చెప్పిన దాంట్లో సగం నాకి అర్థం గాలేదు" అన్నాడు. చర్చి అంతా బిగుసుకుంది. "మేడమ్మ చెప్పేదాంట్లో గూడా సగం అర్థమయ్యేది గాదు. ఆ లెక్కన సరిగ్గానే చెప్పినట్టుంది." ఆడవాళ్ల పక్క ఎవరో కిసుక్కున నవ్వారు. గుడ్ ఫ్రైడే ఆరాధనలో నవ్వు వినడం అదే మొదలు. ఆయన నవ్వకుండా దాహం గురించి చెప్పుకుంటూ పోయాడు.

ఆ రాత్రి అత్త ఇంట్లోనే పడుకున్నాను. శనివారం పొద్దున చర్చి దగ్గర బకెట్ల చప్పుడు వినబడింది. ఈస్టరుకు ముందు రోజు మా ఆడవాళ్లు చర్చి కడుగుతారు. నన్నెవరూ పిలవలేదు, రావద్దనీ అనలేదు. చీపురు అందుకుని నేనూ కడిగాను. ఆ రోజు దేవుడు సమాధిలో ఉంటాడని లెక్క. నిన్న జరగాల్సింది జరిగిపోయింది, రేపటిది ఇంకా రాలేదు. నాకు బాగా నప్పే రోజు అది.

పెద్ద జంపఖానా ఉతకడం చివరి పని. గేటు పక్క కొళాయి కింద బండల మీద పరిచి, సబ్బు వేసి, కాళ్లతో తొక్కాం. నీళ్లు తాగి అది గున్న ఏనుగంత బరువైంది. పిండాలంటే అటు ఒకరు, ఇటు ఒకరు కావాలి. ఒక కొస నేను పట్టుకున్నాను. రెండో కొసకు ఎవరు వస్తారా అని చూస్తుంటే, రేపటి ఆరాధనకు కుర్చీలు సర్దడానికి వచ్చిన కండక్టరు మామ లుంగీ పైకి కట్టి, చెప్పులు విడిచి, వచ్చి పట్టుకున్నాడు.

"ఎట్ల తిప్పాల మామా?"

"నేను ఇట్ల తిప్పుతా. నువ్వు నాకు ఎదురు తిప్పు. ఇద్దరం ఒగే పక్క తిప్పితే నీళ్లు రావు."

తిప్పాము. జంపఖానా మా ఇద్దరి నడుమ తాడులా మెలి పడి, బిగుసుకుని, గాలిలోకి లేచింది. నిన్నటి జనం కాళ్ల మన్నంతా కరిగి ఎర్రగా, ధారగా బండల మీద పడి, గేటు కింద నుంచి వీధిలోకి పారింది.